బొటాక్స్ సూది గుచ్చకముందే తేల్చుకోవాల్సినవి

ముఖానికి ఫిల్లర్ వేయించుకుంటే, అది హైలురోనిక్ యాసిడ్ రకమైతే, బాగా రాకపోయినా కరిగించడానికి వేరే ఇంజెక్షన్ ఉంది. ముడతలు పోవడానికి వేసే బొటాక్స్‌కి అలాంటిదేమీ లేదు. మందు నరం కొసలోకి దూరిందంటే దాని ప్రభావం తగ్గేదాకా, అంటే సుమారు మూడు నాలుగు నెలలు, మీరైనా డాక్టరైనా చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి ఇందులో జాగ్రత్త అంతా ముందే పడాలి. మీ ఒంటికి అది సరిపడుతుందా లేదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఆ డాక్టర్ని ఏం అడగాలి, సీసా మీద ఏం చూడాలి, ఇంటికొచ్చాక దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక చిన్న మాట. బ్యూటీ పార్లర్లలో జుట్టుకి చేసే "హెయిర్ బొటాక్స్"లో ఈ మందు ఉండదు. పేరు మాత్రమే అరువు తెచ్చుకున్నారు. మనం మాట్లాడేది సూదితో కండరంలోకి ఎక్కించే మందు గురించి.

ముందు ఆ మందు ఏం చేస్తుందో తెలుసుకోండి

క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం (టాక్సిన్) ఇది. సరిగ్గా నిల్వ చేయని ఆహారం తిన్నప్పుడు ఒళ్ళంతా చచ్చుబడిపోయే బొట్యులిజం అనే జబ్బుకి కారణం కూడా ఇదే. 1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియలకి వచ్చి, అక్కడ ఉప్పులో ఊరిన పంది మాంసం తిన్న వాద్యగాళ్ళు జబ్బుపడ్డారు. ఆ మాంసాన్ని పరీక్షించే క్రమంలోనే వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియాని మొదటిసారి వేరు చేశాడు.

కండరం ముడుచుకోవాలంటే నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడాలి. టాక్సిన్ నరం కొసలోకి దూరి, ఆ రసాయనం బయటికి రావడానికి అవసరమైన ప్రోటీన్‌ని తెంపేస్తుంది. కండరానికి దెబ్బేమీ తగలదు, దానికి కబురు అందదంతే. నుదుటి కండరానికి కబురు అందకపోతే గీతలు పోతాయి, ముఖం నున్నగా కనిపిస్తుంది. అదే కబురు కనురెప్పని ఎత్తే కండరానికి అందకపోతే రెప్ప వాలుతుంది. గొంతు కండరాలకి అందకపోతే నీళ్ళు కూడా మింగుడుపడవు. ఊపిరి తీయించే కండరాలకి అందకపోతే వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తుంది. అందాన్ని తెచ్చే పని, ప్రమాదం తెచ్చే పని నిజానికి ఒకటే. మందు ఎంత వెళ్ళింది, ఎక్కడికి వెళ్ళింది అన్నదే తేడా.

దీన్ని మొదట వైద్యానికే వాడారు. మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1989లో అనుమతి ఇచ్చింది. కనుబొమల మధ్య గీతల కోసం అనుమతి 2002లో వచ్చింది. 2009లో అదే సంస్థ ఈ మందులన్నిటి మీదా, పెట్టెలో గీసి చూపించే అతి గట్టి హెచ్చరిక పెట్టించింది. సూది వేసిన చోటి నుంచి మందు ప్రభావం వేరే భాగాలకు పాకవచ్చని, అది కొన్ని గంటల్లోనైనా కొన్ని వారాల తర్వాతైనా బయటపడవచ్చని ఆ హెచ్చరిక సారాంశం. ఇక్కడే రెండో మాట కూడా చెప్పాలి. ముడతలకి ఆమోదించిన డోసులో, అసలైన మందుతో, అలా దూరానికి పాకి తీవ్ర ప్రమాదం జరిగిందని కచ్చితంగా తేలిన కేసులు లేవని కూడా అప్పుడే చెప్పారు. మరి ఐసీయూల దాకా వెళ్ళినవాళ్ళ కథలేమిటి? వాటిలో ఎక్కువగా కనిపించేవి నకిలీ సీసా, అనుమతి లేని మందు, అర్హత లేని చెయ్యి, లెక్క తప్పిన డోసు. ఇవన్నీ ముందే పట్టుకోగలిగేవే.

1. మీ ఒంటి సంగతి దాచకుండా చెప్పండి

కొందరికి ఇది అసలు వద్దు. మయస్థీనియా గ్రేవిస్, లాంబర్ట్ ఈటన్ సిండ్రోమ్, ఏఎల్ఎస్ లాంటి నరాలు, కండరాల జబ్బులు ఉన్నవాళ్ళకి మామూలు డోసు కూడా ఎక్కువైపోవచ్చు. జబ్బు పేరు తెలియకపోయినా, సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలడం, అప్పుడప్పుడు ఒకటి రెండుగా కనిపించడం, నమలగానే దవడలు అలసిపోవడం లాంటివి ఉంటే ముందు నరాల డాక్టర్ని కలవండి. ముడతల సంగతి తర్వాత.

గర్భంతో ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా వాయిదా వేయండి. సూది వేసే చోట కురుపు, మొటిమ పగిలిన పుండు, ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉంటే అది మానాకే. మింగడంలో, ఊపిరి తీసుకోవడంలో ఇప్పటికే ఇబ్బంది ఉన్నవాళ్ళు మెడ జోలికి అసలు పోవద్దు. ఆవుపాల ప్రోటీన్‌కి అలర్జీ ఉంటే ఇదే రకం మందుల్లో డిస్‌పోర్ట్ అనే బ్రాండ్ వాడకూడదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అడిగేవాళ్ళూ తక్కువే. పాలు తాగితే కడుపు ఉబ్బరించడం వేరు, పాల అలర్జీ వేరు. ఏదో తేల్చుకుని చెప్పండి.

వాడే మందుల చీటీ మొత్తం తీసుకెళ్ళండి. జెంటమైసిన్, అమికాసిన్ లాంటి అమినోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్స్, కండరాలు వదులు చేసే మాత్రలు టాక్సిన్ ప్రభావాన్ని పెంచుతాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే కమిలిన మచ్చలు ఎక్కువగా వస్తాయి. అలాగని వాటిని మీకు మీరే ఆపేయకండి. నాలుగు రోజుల కమిలిన మచ్చకి భయపడి గుండె కోసం వాడే మాత్ర మానేయడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. గత మూడు నెలల్లో ఏ కారణానికైనా బొటాక్స్ తీసుకుని ఉంటే, అది మైగ్రేన్‌కి అయినా, చెమటకి అయినా, అదీ చెప్పాలి. అవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

2. సూది పట్టుకునేది ఎవరో తేల్చుకోండి

బోర్డు మీద ఉన్న పేరూ, గదిలోకి సూది పట్టుకుని వచ్చే మనిషీ ఒకరే కాకపోవచ్చు. "నాకు ఎవరు వేస్తారు? వాళ్ళ చదువేంటి? రిజిస్ట్రేషన్ ఎక్కడ?" అని మొహమాటం లేకుండా అడగండి. చర్మ వైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో శిక్షణ ఉన్నవాళ్ళు అయితే మంచిది. కనీసం మీ దేశ చట్టం ప్రకారం ఈ ఇంజెక్షన్ ఇచ్చే హక్కు వాళ్ళకి ఉండాలి. రెండు రోజుల కోర్సు సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలించినంత మాత్రాన ముఖంలో ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసిపోదు.

ఇంకో రెండు ప్రశ్నలు నాకు చదువుకంటే ముఖ్యమనిపిస్తాయి. మొదటిది, "రెప్ప వాలితే మీరేం చేస్తారు?" అనుభవం ఉన్నవాళ్ళు కంగారు పడకుండా చెబుతారు. ఎంతమందిలో వస్తుందో, ఎన్నాళ్ళు ఉంటుందో, ఏ చుక్కల మందు ఇస్తారో అన్నీ వివరిస్తారు. "మా దగ్గర ఇప్పటిదాకా అలా ఎవరికీ కాలేదండీ" అన్నారంటే వాళ్ళు చాలా కొద్దిమందికే చేసి ఉండాలి, లేదా అబద్ధం చెబుతూ ఉండాలి. రెండోది, "రెండు వారాల తర్వాత నన్ను ఎవరు చూస్తారు?" దీనికి పేరూ తేదీ చెప్పలేని చోట సూది వేయించుకోకండి.

ఇంట్లో, హోటల్ గదిలో, స్నేహితులంతా కలిసి పార్టీలా చేసుకునే చోట వద్దు. 2024లో అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మంది ఈ ఇంజెక్షన్ల తర్వాత జబ్బుపడ్డారు, వాళ్ళలో 11 మంది ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. అందరూ లైసెన్సు లేని లేదా శిక్షణ లేని మనుషుల చేతనో, ఇళ్ళూ స్పాల లాంటి చోట్లో సూది వేయించుకున్నవాళ్ళే. ఇంగ్లండ్‌లో 2025 జూన్ 4 నుంచి జులై 14 వరకు, ఆరు వారాలు కూడా తిరగకుండా, ఇలాంటి ఇంజెక్షన్ల వల్ల 38 బొట్యులిజం కేసులు నమోదయ్యాయి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అద్దం ముందు నిలబడి సొంతంగా వేసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఈ వ్యాసంలో ఏ అడుగూ పనికిరాదు.

3. సీసాని మీ కళ్ళతో చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ మొహమాటపడేదీ ఇక్కడే. "సీసా చూపిస్తారా" అంటే డాక్టర్ని అనుమానించినట్టు ఉంటుందేమో అనుకుంటాం. వేలల్లో డబ్బు పెట్టి కొంటున్న మందు పేరు చూడటంలో తప్పేముంది? మంచి క్లినిక్‌లో మీరు అడగకముందే చూపిస్తారు.

2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఏం జరిగిందో చూడండి. మనుషులకి వాడటానికి కాకుండా ప్రయోగశాలల కోసం అమ్మే గాఢమైన టాక్సిన్‌ని తెచ్చి ఒక డాక్టరు ముడతలకి వాడాడు. నలుగురు తీవ్రమైన పక్షవాతంతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ నలుగురిలో ఆ డాక్టరూ ఒకడు, తనకి తానే వేసుకున్నాడు. వాళ్ళలో ముగ్గురి రక్తాన్ని పరీక్షిస్తే, మనిషిని చంపగలదని అంచనా వేసిన మోతాదుకి 21 నుంచి 43 రెట్లు టాక్సిన్ కనిపించింది. వెంటనే వైద్యం అందబట్టి బతికారు. వేసింది డాక్టరే, లోపలున్నదీ బొట్యులినం టాక్సినే. సీసా మాత్రం అసలుది కాదు. అందుకే మనిషిని చూసి నమ్మినా సీసాని విడిగా చూడాలంటాను.

చూసేటప్పుడు ఈ వరసలో చూడండి. పెట్టె మీ ముందే తెరవమనండి. పెట్టె మీద ఉన్న లాట్ నంబరూ (ఆ విడత సరుకుకి కంపెనీ వేసే గుర్తు), గడువు తేదీ, లోపలి సీసా మీద ఉన్నవీ ఒకటేనా? మందు శాస్త్రీయ నామం చదవండి. అమెరికా లేబుల్ ప్రకారం బొటాక్స్ అయితే ఒనాబొట్యులినంటాక్సిన్‌ఏ అని ఉంటుంది, డిస్‌పోర్ట్ అయితే అబోబొట్యులినంటాక్సిన్‌ఏ, జియోమిన్ అయితే ఇన్‌కోబొట్యులినంటాక్సిన్‌ఏ. 2024లో అమెరికాలో దొరికిన నకిలీ పెట్టెల మీద ఈ పేరు బదులు ఉత్తగా "బొట్యులినం టాక్సిన్ టైప్ ఏ" అని ఉంది. 150 యూనిట్ల సీసా అని కూడా రాసి ఉంది. ముడతలకి వాడే అసలు బొటాక్స్ 50, 100 యూనిట్ల సీసాల్లోనే వస్తుంది, 150 అనేదే లేదు. అచ్చు ఎంత బాగా వేసినా దొంగ ఇలాంటి చోటే దొరికిపోతాడు.

కలపని బొటాక్స్ సీసాని వెలుతురులో పెట్టి చూస్తే ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. మోసం అనుకోకండి. ఎండబెట్టిన మందు అడుగున పల్చటి తెల్లటి పొరలా ఉంటుందంతే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. వాడే ముందు శుభ్రమైన సెలైన్‌తో కలపాలి. కలిపాక 24 గంటల్లో వాడేయాలన్నది కంపెనీ నియమం. కాబట్టి కలపడం మీ ఎదురుగా జరిగితే మంచిది. కొన్ని చోట్ల ఒక సీసాని ఇద్దరు ముగ్గురికి పంచుతారు. లేబుల్ ప్రకారం ఒక సీసా ఒకరికే. పంచుతామని వాళ్ళే చెబితే, ఎప్పుడు కలిపారో అడగండి, ప్రతిసారీ కొత్త సూదీ కొత్త సిరంజీ వాడుతున్నారో లేదో చూడండి. ముందే నింపి తెచ్చిన సిరంజి మాత్రం ఏ కారణం చెప్పినా వద్దు. అందులో ఏముందో తెచ్చినవాళ్ళకే తెలియాలి, ఒక్కోసారి వాళ్ళకీ తెలియదు.

పెట్టెనీ సీసానీ లాట్ నంబర్ కనపడేలా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే ఈ ఒక్క ఫోటో చాలా పనిచేస్తుంది. మీకే కాదు, అదే లాట్ మందు వేయించుకున్న ఇంకొకరికి కూడా.

ధర గురించి ఒక్క మాట. అందరూ తీసుకునేదానిలో సగానికే ఇస్తున్నారంటే మందు నకిలీదైనా అయ్యుండాలి, నీళ్ళు ఎక్కువ కలిపైనా ఉండాలి. రెండోదైతే డబ్బే పోతుంది. ముందు చెల్లించేటప్పుడు అది ఏదో మీకు తెలిసే దారి లేదు.

4. డోసు యూనిట్లలో చెప్పించుకోండి

"రెండు ఎంఎల్ వేస్తాం" అనేది జవాబు కాదు. ఎంత సెలైన్ కలిపారన్న దాన్ని బట్టి అదే రెండు ఎంఎల్‌లో మందు ఎంతైనా ఉండొచ్చు. యూనిట్లు అడగండి. బొటాక్స్ లేబుల్ ప్రకారం కనుబొమల మధ్య గీతలకి ఐదు చోట్ల నాలుగేసి, మొత్తం 20 యూనిట్లు. కళ్ళ పక్క గీతలకి రెండు వైపులా కలిపి 24. నుదుటి అడ్డగీతలకి 20. మూడూ ఒకేసారి చేసినా 64 దాటదు. మనిషిని బట్టి, కండరం బలాన్ని బట్టి డాక్టర్లు కొంత అటూ ఇటూ మారుస్తారు, అది మామూలే. కానీ ఈ అంకెలు మీకు తెలిసి ఉంటే, నుదుటికి వంద యూనిట్లు అన్నప్పుడు "ఎందుకంత?" అని అడగగలుగుతారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒక బ్రాండ్ యూనిట్ ఇంకో బ్రాండ్ యూనిట్ కాదు. అదే కనుబొమల మధ్య గీతలకి డిస్‌పోర్ట్ అయితే 50 యూనిట్లు. లీటరుని లీటరుతో పోల్చినట్టు వీటిని పోల్చలేం, ఒకదాని లెక్క ఇంకోదానికి వాడలేం. నాకు తెలిసిన ఒకావిడ బ్రాండ్ మారుస్తున్నారా అని అడిగితే "అన్నీ ఒకటేనండీ" అని సమాధానం వచ్చిందట. ఆవిడ లేచి వచ్చేశారు. మంచి పని చేశారు.

చోటుని బట్టి కూడా ప్రమాదం మారుతుంది. నుదురు, కనుబొమల మధ్య, కళ్ళ పక్క బాగా అలవాటైన చోట్లు. నోటి చుట్టూ వేస్తే నవ్వు ఒక పక్కకి వంకరపోవచ్చు, నీళ్ళు తాగుతుంటే పెదవి పక్క నుంచి కారవచ్చు. దవడ సన్నబడటానికి వేసేటప్పుడు పక్కనున్న నవ్వు కండరానికి తగలవచ్చు. మెడ మీద నరాల్లా కనిపించే పట్టీలకి వేసేటప్పుడు లోతు ఎక్కువైతే మింగడం కష్టమవుతుంది. మొదటిసారి అయితే ముఖం పైభాగంతో ఆగిపొమ్మనే నా సలహా.

బరువు తగ్గడానికి పొట్టలోకి టాక్సిన్ ఎక్కించే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. 2023 మొదట్లో తుర్కియేలో అలా చేయించుకున్న 60 మందికి పైగా బొట్యులిజం లక్షణాలతో తేలారు. ముఖానికి వాడే డోసుతో పోలిస్తే అక్కడ వాడేది చాలా ఎక్కువ.

5. ఆ రోజు

మేకప్ లేకుండా వెళ్ళండి. సూదికి ముందు మామూలు ముఖం, నవ్వు, కనుబొమలు చిట్లించిన ముఖం, మూడు ఫోటోలు తీయించుకోండి. మన ముఖం రెండు పక్కలా ఒకేలా ఉండదన్న సంగతి చాలామందికి బొటాక్స్ చేయించుకున్నాకే తెలుస్తుంది, నింద మాత్రం సూది మీద పడుతుంది. డాక్టరు మిమ్మల్ని కూర్చోబెట్టి, ముఖం చిట్లించమని, కనుబొమలు ఎత్తమని చెప్పి గుర్తులు పెట్టాలి. అలా చూడకుండా నేరుగా గుచ్చితే ఆపండి. సంతకం పెట్టే కాగితం చదవండి, మందు పేరు, యూనిట్లు, లాట్ నంబరు అందులో రాయించి ఒక కాపీ తీసుకోండి. అయ్యాక వెంటనే బయలుదేరకుండా అరగంట అక్కడే కూర్చోండి. దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం లాంటి అలర్జీ వస్తే అక్కడే చూసుకోవచ్చు.

6. ఇంటికొచ్చాక మొదటి రోజు

నాలుగు గంటలు పడుకోకండి. వేసిన చోట రుద్దకండి. ఫేషియల్, మసాజ్, బిగుతు టోపీ, జిమ్ ఒక రోజు పక్కన పెట్టండి. వీటికి శాస్త్రీయ ఆధారం అంత బలంగా లేదు, ఆ మాట డాక్టర్లే ఒప్పుకుంటారు. పాటిస్తే పోయేదేమీ లేదు కాబట్టి పాటించమంటారు, నేనూ అంతే అంటాను.

7. రోజులు లెక్కపెట్టుకోండి

చిన్న బొడిపెలు, ఎర్రదనం, కాస్త నొప్పి, కమిలిన మచ్చ, తలనొప్పి మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి పోయేవి. ఫలితం రెండు మూడు రోజుల తర్వాత మొదలై, పూర్తిగా కనిపించడానికి రెండు వారాలు పట్టవచ్చు. ఐదో రోజున అద్దం చూసుకుని "ఏం తేడా లేదు, ఇంకాస్త వేయండి" అని వెళ్ళకండి. డోసు మీద డోసు పడేది ఇక్కడే. 14 రోజులు ఆగండి.

మొదటి వారం పది రోజుల్లో ఒక కనురెప్ప వాలినట్టు కనిపిస్తే భయపడిపోకండి, అలాగని ఊరుకోకండి కూడా. కనుబొమల మధ్య వేసిన మందు రెప్పని ఎత్తే కండరానికి చేరితే ఇలా అవుతుంది. బొటాక్స్ పరీక్షల్లో నూటికి సుమారు ముగ్గురిలో ఇది కనిపించింది. కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. అప్పటిదాకా అప్రాక్లోనిడిన్ అనే కంటి చుక్కలు డాక్టరు రాస్తే రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కనుబొమ ఒక పక్క విల్లులా పైకి లాగేస్తే దాన్ని ఒకటి రెండు యూనిట్లతో సరిచేయవచ్చు. కన్ను పూర్తిగా మూతపడకపోతే మాత్రం అది అందం సమస్య కాదు, కంటి నల్లగుడ్డు ఎండిపోతుంది. కంటి డాక్టర్ని కలవండి.

కలిసినప్పుడు నిజం చెప్పండి. మా బంధువుల్లో ఒకావిడకి రెప్ప వాలితే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి బొటాక్స్ మాట దాచిపెట్టింది. పక్కన అత్తగారు ఉన్నారు మరి. డాక్టరుకి సహజంగానే మయస్థీనియా అనుమానం వచ్చింది, రక్త పరీక్షలు, స్కాను రాశారు. ఇంటిల్లిపాదికీ వారం రోజులు టెన్షన్. చివరికి ఫోన్ చేసి చెప్పాక గానీ తెరిపిన పడలేదు. డబ్బూ పోయింది, రహస్యమూ దాగలేదు.

8. ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

రెండు కళ్ళ రెప్పలూ వాలడం. ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం. మాట ముద్దగా రావడం, గొంతు మారిపోవడం. నోరు విపరీతంగా ఎండిపోవడం. మింగడం కష్టమవడం. మెడ నిలబడకపోవడం, చేతులు బరువెక్కడం. ఊపిరి అందకపోవడం. బొట్యులిజంలో బలహీనత ముఖం నుంచి మొదలై కిందికి దిగుతుంది. సాధారణంగా జ్వరం ఉండదు, తెలివి బాగానే ఉంటుంది. మనిషి స్పృహలో ఉండి మాట్లాడుతుండటం చూసి ఇంట్లోవాళ్ళు "నీరసం, పొద్దున్నకి తగ్గుతుంది" అనుకుంటారు. అలా అనుకోకండి. వేసిన రోజైనా, మూడో వారమైనా ఇదే మాట.

సూది వేసిన చోటికి ఫోన్ చేసి "ఇది మామూలేనా" అని అడుగుతూ కూర్చోకండి. నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్ళకండి. మింగడం కష్టంగా ఉంటే దారిలో నీళ్ళు, మాత్రలు ఏవీ నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి వాక్యం ఇది: "ఫలానా తేదీన ఇన్ని యూనిట్ల బొట్యులినం టాక్సిన్ ఇంజెక్షన్ వేయించుకున్నాను, ఇప్పుడు మింగలేకపోతున్నాను." లాట్ నంబర్ ఫోటో చూపించండి. చాలామంది డాక్టర్లు బొట్యులిజం కేసుని జీవితంలో ఒక్కసారి కూడా చూసి ఉండరు. మీరు ఈ మాట అనకపోతే పక్షవాతమనో, మయస్థీనియా అనో, గిలన్ బారీ అనే నరాల జబ్బనో వెతుకుతారు.

దీనికి యాంటీటాక్సిన్ ఉంది. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని అది పట్టేస్తుంది. అప్పటికే నరం కొసలోకి దూరిపోయినదాన్ని మాత్రం వెనక్కి లాగలేదు. అందుకే ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. లక్షణాలు చూసి అనుమానం బలంగా ఉంటే ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెడతారు. చచ్చుబడిన కండరాలు తిరిగి పనిచేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ లోపు ఊపిరికి వెంటిలేటర్ ఆసరా కావాల్సి రావచ్చు. కోలుకునేవాళ్ళే ఎక్కువ.

కోలుకున్నాక, లేదా తేలికపాటి తేడాతో బయటపడినా సరే, మీ దేశంలో మందుల దుష్ఫలితాలు నమోదుచేసే ప్రభుత్వ సంస్థకి తెలియజేయండి. ముందు తీసుకున్న ఫోటో అప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

మళ్ళీ వేయించుకోవాలనిపిస్తే

మూడు నెలలు నిండకముందు వద్దు. తరచుగా, పెద్ద డోసుల్లో వేయించుకుంటే ఒళ్ళు ఆ ప్రోటీన్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుని, మందు పనిచేయడం మానేసే అవకాశం ఉంది. ఈ లోపు కొత్త జబ్బు, కొత్త మాత్ర ఏదైనా వచ్చి చేరితే డాక్టరుకి చెప్పండి. పోయినసారి చీటీ వెంట తీసుకెళ్ళండి, ఎక్కడ ఎన్ని యూనిట్లు వేశారో, ఎన్ని రోజులు నిలిచిందో దాన్ని బట్టే ఈసారి డోసు తగ్గించవచ్చు. క్లినిక్ అదే, డాక్టరూ అదే అయినా సీసా మాత్రం కొత్తదే. పెట్టె తెరిపించి, లాట్ నంబర్ చూసి, మళ్ళీ ఫోటో తీసుకోండి.